అశోకుడు – ఆభీరుడి బాకీ

అశోకుడు ఏం చేశాడని ఏ బడిపిల్లవాణ్ణి నిద్రలేపి అడిగినా జవాబు ఒకటే వస్తుంది. రోడ్లకి రెండు పక్కలా చెట్లు నాటించాడు. తరాల తరబడి మనమంతా ఆ ఒక్క ముక్క రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే. ఏ ప్రశ్నకీ జవాబు తెలియనప్పుడు ఆ ముక్కే రాసి వచ్చిన ఘనులూ మనలో వున్నారు. కానీ ఆ చెట్ల మాట అశోకుడు ఎక్కడ చెక్కించాడు, దానికి ముందు ఏం చెక్కించాడు అని అడిగితే మాత్రం ఎం.ఏ. చదివినవాళ్ళం కూడా కాస్త తల గోక్కుంటాం. ఆ శాసనంలో చెట్లు చిట్టచివర వస్తాయి. మొట్టమొదట వచ్చేది వైద్యం. మనుషులకి వైద్యం, పశువులకి వైద్యం. పాఠ్యపుస్తకం తోక పట్టుకుని తలని వదిలేసింది.

ఆ శాసనం చూడ్డానికి పాట్నాకో సారనాథ్‌కో పోనక్కర్లేదు. మన కర్నూలు జిల్లాలోనే, గుత్తి నుంచి పత్తికొండకి పోయే దారిలో, జొన్నగిరికి దగ్గర్లో వున్న ఎర్రగుడి బండల మీద వుంది. ఆదోని నుంచి పత్తికొండ మీదుగా పొద్దున బయల్దేరితే సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. ఆదోనిలో పుట్టి పెరిగి, చరిత్ర పాఠాలు చెప్పుకుంటూ జీవితం గడిపినవాణ్ణి కనక, ఈ సంచికకి ఏదైనా రాయమని విద్యార్థి మిత్రులు అడిగినప్పుడు నాకు ఆ బండలే గుర్తొచ్చాయి. అశోకుడి జీవితం అందరికీ తెలిసిందే. అయితే దాన్ని జబ్బూ మందూ మనిషి శరీరం అనే కోణంలోంచి ఒకసారి చెప్పుకుందాం. ఆయన గురించి మనకి రెండు రకాల సాక్ష్యం వుంది. ఒకటి ఆయనే చెక్కించిన రాళ్ళు. రెండోది ఆయన పోయిన కొన్ని వందల ఏళ్ళకి భక్తులూ పండితులూ అల్లిన కథలు. నేను రెండూ చెప్తాను. ఏది రాయో ఏది కథో కూడా అక్కడక్కడే చెప్పేస్తాను.

ముందు కథ. అశోకుడి తండ్రి బిందుసారుడు పుట్టడమే ఒక శస్త్రచికిత్సతో పుట్టాడట. పన్నెండో శతాబ్దపు జైన పండితుడు హేమచంద్రుడు రాసిన కథ ఇది. చంద్రగుప్త మౌర్యుడి మీద ఎవరూ విషప్రయోగం చెయ్యకుండా చాణక్యుడు రోజూ ఆయన అన్నంలో కొంచెం కొంచెం విషం కలిపి అలవాటు చేస్తుండేవాడు. ఒకరోజు నిండు చూలాలైన రాణి దుర్ధర ఆ అన్నమే తిని ప్రాణాలు విడిచింది. చాణక్యుడు వెంటనే కడుపు కోసి బిడ్డని బయటికి తీశాడు. అప్పటికే ఒక విషబిందువు బిడ్డ నెత్తికి తగిలింది కాబట్టి బిందుసారుడనే పేరు వచ్చింది. చంద్రగుప్తుడికీ హేమచంద్రుడికీ మధ్య దాదాపు పద్నాలుగు వందల ఏళ్ళు వున్నాయి కనక దీన్ని చరిత్ర అనలేం. అయితే తల్లి ప్రాణం పోతూ కడుపులో బిడ్డ కదులుతుంటే ఆలస్యం చెయ్యకుండా కోసి తియ్యమని సుశ్రుత సంహిత కూడా చెప్తుంది. అంటే అటువంటి పని ఒకటుందని ప్రాచీనులకి తెలుసు.

ఆ కాలపు వైద్యుల గురించి మనకి ఒక విదేశీ సాక్ష్యం కూడా వుంది. చంద్రగుప్తుడి ఆస్థానానికి గ్రీకు రాయబారిగా వచ్చిన మెగస్తనీసు పుస్తకం పోయింది కానీ, అందులోంచి తర్వాతివాళ్ళు ఎత్తి రాసుకున్న భాగాలు మిగిలాయి. శ్రమణుల్లో అడవుల్లో వుండే తపస్వుల తర్వాత ఎక్కువ గౌరవం వైద్యులకే వుండేదట. వాళ్ళు ఆడంబరం లేకుండా బతుకుతారనీ, జనం పెట్టే అన్నమో బార్లీ పిండో తిని కాలం గడుపుతారనీ, మందులకన్నా పథ్యంతోనే ఎక్కువ జబ్బులు నయం చేస్తారనీ, మందుల్లో పైపూతలూ పట్లూ మేలని అనుకుంటారనీ ఆయన రాశాడు. మన ఊళ్ళలో పథ్యం పెట్టి ప్రాణం తీసే నాటువైద్యుల్ని ఎరిగినవాళ్ళకి ఇందులో ఆశ్చర్యమేమీ కనిపించదు.

అశోకుడి బాల్యం గురించి రాళ్ళు ఏమీ చెప్పవు. అశోకావదానం అనే సంస్కృత బౌద్ధ గ్రంథం చెప్తుంది. అతని ఒళ్ళు ముట్టుకుంటే గరుకుగా వుండేదనీ, అందుకే తండ్రికి ఆ కొడుకు మీద ఇష్టం వుండేది కాదనీ ఆ కథ. పూర్వజన్మలో చిన్నపిల్లాడుగా వున్నప్పుడు బుద్ధుడి భిక్షాపాత్రలో గుప్పెడు మన్ను వేశాడట. ఆ దానఫలంగా రాజయ్యాడు, ఆ మన్ను ఫలంగా చర్మం అలా వచ్చింది. జబ్బుకి కారణం కర్మలో వెతకడం మనకి కొత్తేమీ కాదు కదా! ఇష్టం లేని ఆ కొడుకునే తండ్రి తక్షశిలకి తిరుగుబాటు అణచడానికి పంపాడని అదే గ్రంథం అంటుంది. ఉజ్జయినికి ప్రతినిధిగా పంపాడని సింహళ గ్రంథాలు అంటాయి.

తక్షశిల పేరు వచ్చింది కనక జీవకుడి మాట చెప్పాలి. బుద్ధుడి కాలంలో రాజగృహంలో పేరుమోసిన వైద్యుడతను. తక్షశిలలో ఏడేళ్ళు చదివాక గురువు అతనికి పరీక్ష పెట్టాడు. ఊరి చుట్టూ ఒక యోజనం మేర తిరిగి మందుకి పనికిరాని మొక్క ఏదైనా వుంటే తీసుకురమ్మన్నాడు. జీవకుడు తిరిగి తిరిగి ఉత్త చేతులతో వచ్చాడు. పాసైపోయాడు. పాళీ వినయపిటకంలో వున్న ఈ కథని అశోకుడు ఎన్నిసార్లు విని వుంటాడో చెప్పలేం కానీ, మందుమొక్కల్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి తెప్పించి నాటించిన రాజు పుట్టింది ఇటువంటి చదువున్న దేశంలోనే.

సుమారు క్రీ.పూ. 268లో అశోకుడికి పట్టాభిషేకం జరిగింది. తొంభైతొమ్మిదిమంది అన్నదమ్ముల్ని చంపి గద్దెనెక్కాడని సింహళ కథ. కానీ అయిదో శిలాశాసనంలో ఆయన తన అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ ఇళ్ళ బాగోగులు చూడమని అధికారులకి చెప్తున్నాడు. అందర్నీ చంపినవాడు ఎవరి ఇళ్ళు చూడమంటాడు? బౌద్ధంలోకి రాకముందు ఎంత క్రూరుడో చూపిస్తే వచ్చాక ఎంత మంచివాడయ్యాడో తెలుస్తుందని కథకులు రంగు పులిమారు.

అసలు క్రూరత్వానికి ఆ రంగు అక్కర్లేదు. దాన్ని ఆయనే రాతి మీద ఒప్పుకున్నాడు. పట్టాభిషేకమైన ఎనిమిదేళ్ళకి కళింగం మీద దండెత్తాడు. లక్షన్నరమందిని పట్టి తరలించారు. లక్షమంది చచ్చారు. అంతకి ఎన్నోరెట్ల మంది ఆ తర్వాత చచ్చారు. ఈ లెక్క పదమూడో శిలాశాసనంలోది. ఆ మూడో మాట గురించి విద్యార్థులు ఆలోచించాలి. యుద్ధంలో కత్తికి చచ్చినవాళ్ళకన్నా ఆ తర్వాత చీము పట్టిన గాయాలకీ, ఆకలికీ, అంటురోగాలకీ పోయినవాళ్ళే ఎక్కువని ఏ యుద్ధచరిత్ర చదివినా తెలుస్తుంది. గెలిచిన రాజు శత్రువు తలల్ని గొప్పకి లెక్కపెట్టడం మామూలు. ఈయన బాధతో లెక్కపెట్టాడు. ఇంకో విశేషం ఏమిటంటే, కళింగంలోనే వున్న ధౌలిలో, జౌగడలో ఈ పదమూడో శాసనం చెక్కించలేదు. ఓడిపోయినవాళ్ళ కళ్ళముందు ఆ లెక్క పెట్టడానికి ముఖం చెల్లలేదో, మళ్ళీ కోపం రగులుతుందని భయపడ్డాడో! మన ఎర్రగుడి బండ మీద మాత్రం అది వుంది.

ఇక ఆ బండ దగ్గరికి పోదాం. 1920ల చివర్లో అనూ ఘోష్ అనే భూగర్భశాస్త్రవేత్త వీటిని చూసి బయటి ప్రపంచానికి చెప్పాడు. పద్నాలుగు పెద్ద శిలాశాసనాలూ, వాటితోపాటు చిన్న శిలాశాసనమూ ఒకేచోట వున్న స్థలం ఇది. లిపి బ్రాహ్మి, భాష ప్రాకృతం. చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికీ, కొన్ని కుడి నుంచి ఎడమకీ నడుస్తాయి. మడక దున్నే ఎద్దులు చాలు చివర తిరిగి వచ్చినట్టు వుంటుంది. ఆ శాసనంలోనే రాజు ఆజ్ఞని జనపదాలకి భేరి మోగించి వినిపించమని వుంది. మావటీలు, లేఖకులు, గుర్రాల్ని తిప్పేవాళ్ళు, బ్రాహ్మణులు తమ తమ శిష్యులకి మంచి నడవడి నేర్పాలనీ, శిష్యులు గురువుని గౌరవించాలనీ వుంది. మన విద్యార్థి సంఘం వాళ్ళు ఆ చివరి ముక్క చదివి నన్ను క్షమింతురుగాక.

మందుల మాట వున్నది పెద్ద శాసనాల్లో రెండోదాంట్లో. దాని సారాంశం ఇది. నా రాజ్యంలో అంతటా, నా సరిహద్దుకి ఆవల వున్న చోళ, పాండ్య, సత్యపుత్ర, కేరళపుత్రుల దేశాల్లో, తామ్రపర్ణి దాకా, అటు యవనరాజు అంతియోకుడి దేశంలో, అతని పొరుగురాజుల దేశాల్లో రెండు చికిత్సలు ఏర్పాటయ్యాయి. ఒకటి మనుషులకి, రెండోది పశువులకి. మనుషులకీ పశువులకీ పనికొచ్చే ఓషధులు ఎక్కడ లేవో అక్కడికి తెప్పించి నాటించారు. వేర్లూ పళ్ళూ కూడా అంతే. దారుల్లో బావులు తవ్వించారు, చెట్లు నాటించారు, మనుషులూ పశువులూ వాడుకోవడానికి.

చాలా పుస్తకాల్లో అశోకుడు ఆసుపత్రులు కట్టించాడని రాస్తారు. శాసనంలో ఆసుపత్రి అనే మాట లేదు. చికిత్స అనే మాటే వుంది. అది ఇల్లో, సత్రమో, ఊరూరా తిరిగే వైద్యుడో రాయి చెప్పదు. రాయి చెప్పనిది మనం చెప్పకూడదు. చెప్పినంతవరకూ చూస్తే మాత్రం ఆ వరసలో ఒక బుద్ధి కనిపిస్తుంది. జబ్బుకి వైద్యం, వైద్యానికి మందు, మందుకి మొక్క, మొక్కకీ మనిషికీ గొడ్డుకీ నీళ్ళు, నడిచేవాడికి నీడ. ఇవి విడివిడి పనులు కావని ఇరవైరెండు వందల ఏళ్ళ నాడు ఎవరో ఆలోచించారు. కరువు వస్తే మూటాముల్లె కట్టుకుని గుంటూరు మిరపచేలకి వలసపోయే పల్లెలున్న పడమటి తాలూకాలవాళ్ళం మనం. నీళ్ళు లేనిచోట వైద్యం నిలబడదని మనకి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ అంతియోకుడి పేరు దగ్గర కొంచెం ఆగుదాం. అతను సిరియాని ఏలిన రెండో అంతియోకుడు, క్రీ.పూ. 261 నుంచి 246 దాకా రాజు. అతని తల్లిదండ్రుల పెళ్ళి గురించి గ్రీకులు చెప్పుకునే కథ వైద్యచరిత్రలోకెక్కింది. తండ్రి మొదటి అంతియోకుడు యువరాజుగా వుండగా మంచం పట్టాడు. రోగమేమిటో ఎవరికీ అంతుపట్టలేదు. ఎరాసిస్త్రాతుడనే వైద్యుడు పక్కన కూర్చుని నాడి చూస్తూ ఒక్కొక్కళ్ళు గదిలోకి రావడం గమనించాడు. సవతితల్లి స్త్రాతోనికె వచ్చినప్పుడల్లా నాడి గంతులు వేసింది, చెమట పట్టింది, మాట తడబడింది. వైద్యుడికి రోగం దొరికింది. ముసలి రాజు సెల్యూకసు కొడుకు ప్రాణం కోసం భార్యని కొడుక్కిచ్చి పెళ్ళి చేశాడు. ఆ దంపతులకి పుట్టినవాడే మన ఎర్రగుడి బండ మీద పేరెక్కిన అంతియోకుడు. నాడి చూడ్డం కథ ఎంతవరకు నిజమో కానీ, ఆ పెళ్ళీ ఆ కొడుకూ మాత్రం చరిత్రే.

పదమూడో శాసనంలో తురమయుడని ఇంకో యవనరాజు వున్నాడు. ఈజిప్టుని ఏలిన రెండో టాలమీ. అతని అలెగ్జాండ్రియా నగరంలోనే, ఇంచుమించు ఆ రోజుల్లోనే, మనిషి శవాన్ని కోసి లోపల ఏముందో పద్ధతి ప్రకారం చూడ్డం మొదలైంది. హెరోఫిలసు మెదడూ నరాలూ పరీక్షించి తెలివికి స్థానం మెదడేనన్నాడు. నీటిగడియారం పెట్టుకుని నాడి లెక్కపెట్టాడు. పైన చెప్పిన ఎరాసిస్త్రాతుడు గుండె కవాటాల పని వివరించాడు. గొప్ప సంగతులే. కానీ తర్వాతి కాలపు రోమను రచయిత సెల్సస్ ఒక భయంకరమైన మాట రాశాడు. ఆ ఇద్దరికీ రాజులు చెరసాల నుంచి నేరస్థుల్ని ఇచ్చారనీ, వాళ్ళని బతికుండగానే కోశారనీ. ఇది నిజమా కాదా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

మన పక్క అదే జ్ఞానానికి ఇంకో దారి తొక్కారు. సుశ్రుత సంహిత చెప్పే పద్ధతిలో శవాన్ని గడ్డితో చుట్టి, పంజరంలో పెట్టి, పారే నీళ్ళలో మరుగుచోట కట్టి వుంచాలి. ఏడు రోజులకి మెత్తబడ్డాక కుంచెలాంటిదాంతో మెల్లమెల్లగా రుద్దుతూ చర్మం నుంచి లోపలి భాగాల దాకా పొర తర్వాత పొర కళ్ళతో చూడాలి. శవాన్ని చూడని వైద్యుడు శరీరం తెలిసినవాడు కాడని ఆ గ్రంథం ఉద్దేశం. అలా చదువుకోడానికి ఎవరి ప్రాణమూ తియ్యక్కర్లేదు.

ఇక పశువుల సంగతి. తన వంటశాలలో ఒకప్పుడు కూరకోసం రోజూ లక్షల జీవాలు తెగేవనీ, ఇప్పుడు రెండు నెమళ్ళూ ఒక జింకా మాత్రమేననీ, ఆ జింక కూడా రోజూ కాదనీ, ముందుముందు ఇవీ వుండవనీ మొదటి శాసనంలో చెప్పాడు. పట్టాభిషేకమైన ఇరవైయారేళ్ళకి ఉత్తరదేశపు స్తంభాల మీద ఒక పెద్ద జాబితా రాయించాడు. చూలుతో వున్నవీ పాలిచ్చేవీ అయిన మేకల్నీ గొర్రెల్నీ చంపకూడదు. ఆరునెలలు నిండని పిల్లల్ని చంపకూడదు. పురుగులున్న పొట్టుని కాల్చకూడదు. కొన్ని తిథుల్లో ఎద్దులకి విత్తులు కొట్టకూడదు, గుర్రాలకీ ఎద్దులకీ వాతలు పెట్టకూడదు. ఈ జాబితా రాసినవాడెవడో గొడ్లదొడ్డి ఎరిగినవాడే. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో ఎద్దుల సంత చూసినవాళ్ళకి నేను వేరే చెప్పాలా? ఎద్దు నోరు తెరిచి పళ్ళు లెక్కపెట్టి, గిట్టలు తట్టి, సుడులు చూసి బేరమాడే రైతు తన ఒంటిని కూడా అంత శ్రద్ధగా చూసుకోడు. ఎద్దు పడిపోతే సేద్యం పడిపోతుంది, సేద్యం పడిపోతే ఇల్లు పడిపోతుంది. మనిషి చికిత్సనీ పశువు చికిత్సనీ ఒకే వాక్యంలో పెట్టినవాడికి ఈ లెక్క తెలుసు.

తొమ్మిదో శాసనంలో ఇంకో సంగతి వుంది. జబ్బు చేసినప్పుడూ, పెళ్ళిళ్ళకీ, బిడ్డ పుట్టినప్పుడూ, ప్రయాణమప్పుడూ జనం రకరకాల మంగళకార్యాలు చేస్తారు, ముఖ్యంగా ఆడవాళ్ళు పనికిమాలినవి ఎన్నో చేస్తారని విసుక్కున్నాడు. చెయ్యొద్దని శిక్షలు వెయ్యలేదు. చేసుకోండి, ఫలం మాత్రం కొంచెమే అన్నాడు. పనివాళ్ళతో మంచిగా వుండటం, గురువుల్ని గౌరవించడం, జీవాల పట్ల నిగ్రహం, ఇవి అంతకన్నా ఫలమిచ్చే మంగళకార్యాలని చెప్పాడు. ఆడవాళ్ళ మీద ఆ విసురు నాకు నచ్చలేదు. తాయెత్తు కట్టించుకునే మగవాళ్ళు మన పక్క తక్కువేమీ లేరు.

కొన్నేళ్ళ కింద నా విద్యార్థుల్ని ఎర్రగుడికి తీసుకుపోయినప్పుడు అక్కడ మేకలు కాస్తున్న ఒక పెద్దాయన మా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఆ పక్క తొలకరి వానలు పడగానే వజ్రాలకోసం జనం చేలమ్మట వెతుకుతారు కనక, ఈ రాతలో నిధి సంగతేమైనా వుందా అని అడిగాడు. లేదు పెద్దాయనా, మనుషులకీ గొడ్లకీ మందులిప్పించానని రాజు రాయించాడు అని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, ఏ జబ్బుకి ఏ ఆకో రాశాడా అన్నాడు. లేదన్నాను. మరి రాసి ఏం లాభమని తన మేకల వెంట పోయాడు. పిల్లలు నవ్వారు కానీ ఆయన అడిగింది సరైన ప్రశ్నే. రెండో శాసనంలో ఒక్క మొక్క పేరు కూడా లేదు. రాజు ఏర్పాటు చెప్పాడు, వైద్యం చెప్పలేదు. వైద్యం తెలిసినవాడు వేరే ఎవడో వుండాలి, వాడు ఈ మేకలాయన దాకా రావాలి. అంతవరకు రాసింది రాసినట్టే రాయి మీద వుంటుంది.

ఇప్పుడు నేను చెప్పదల్చుకున్న అసలు కథ. ఇది కూడా అశోకావదానంలోదే. అశోకుడికి పెద్ద జబ్బు చేసింది. మలం నోటి నుంచి రావడం మొదలైంది, ఒంటినిండా దుర్గంధం. వైద్యులు చేతులెత్తేశారు. రాజు కొడుకు కునాలుణ్ణి పిలిపించి పట్టం కడదామనుకున్నాడు. కునాలుడంటే పడని రాణి తిష్యరక్షితకి అది ప్రాణసంకటమైంది. వైద్యుల్ని లోపలికి రానివ్వకుండా, ఇదే జబ్బున్న మనిషి ఎవడు దొరికినా పంపమని చెప్పింది. ఒక ఆభీరుడు దొరికాడు. ఆభీరులంటే పశువులు కాచుకునే జనం. అతని భార్య వైద్యుడి దగ్గరికి పోయి మొగుడి జబ్బు చెప్పుకుంది. చూసి మందిస్తాం, తీసుకురమ్మన్నారు. తీసుకొచ్చింది. రాణి అతన్ని చంపించి, పొట్ట కోయించి చూసింది. పేగులో పెద్ద పురుగు కనిపించింది. దాని మీద మిరియాల పొడి వేయించింది, చావలేదు. పిప్పళ్ళూ శొంఠీ వేయించింది, చావలేదు. ఉల్లిగడ్డ తగిలేసరికి చచ్చింది. రాజుని ఉల్లి తినమంది. క్షత్రియుణ్ణి, నేను ఉల్లి తిననన్నాడాయన. మందుగా తినమని నచ్చజెప్పింది. తిన్నాడు, బతికాడు.

మన పడమటి కర్నూలు ఉల్లి పండించే నేల. ధర లేక రైతు గంపలకొద్దీ రోడ్డు పక్కన పారబోసిన ఏళ్ళూ మనకి తెలుసు. మన ఉల్లిగడ్డ చక్రవర్తి ప్రాణం కాపాడిందని చెప్పి ఈ కథని ముగిస్తే అందరికీ బాగానే వుంటుంది. కానీ నాకు ప్రతిసారీ ఆ ఆభీరుడి భార్యే గుర్తొస్తుంది. మందు కోసం మొగుణ్ణి తీసుకొచ్చి అప్పగించిన మనిషి. ఆమెకి తర్వాత ఎవరు ఏం చెప్పారో కథ రాసినవాడు పట్టించుకోలేదు. రాజు బతికాడు కనక రాణికి వరం దొరికింది. ఏడు రోజులు రాజ్యం అడిగి పుచ్చుకుని, ఆ ఏడు రోజుల్లోనే కునాలుడి కళ్ళు పీకించమని తక్షశిలకి ముద్ర వేసిన ఉత్తరం పంపిందని కథ సాగుతుంది. ఒక శరీరం బాగుపడ్డానికి ఇద్దరి శరీరాలు ఖర్చయ్యాయి.

ఇది కథే. జరిగిందని నేననను. కానీ కథ చెప్పే వైద్యాన్నీ రాయి చెప్పే వైద్యాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. కథలో పశువుల కాపరి ప్రాణం తీసి రాజుకి మందు కనిపెట్టారు. రాతి మీద రాజు జబ్బు ఊసే లేదు. అక్కడ మందు పశువుల కాపరికీ, అతని పశువుకీ. అలెగ్జాండ్రియా రాజులు ఖైదీల్ని వైద్యుల కత్తికి అప్పగించారన్న మాట కూడా నిజమే అయితే, ఆ రోజుల్లో రాజులూ వైద్యమూ కలిసిన చోటల్లా ఎవరి ఒళ్ళు ఎవరికోసం అనే ప్రశ్న వుంది. దానికి రాతి మీద ఇంత సూటిగా సమాధానం చెక్కించిన రాజు అశోకుడు. అదీ లక్ష శవాలు చూశాక.

ఆయన చివరి రోజుల గురించి కూడా కథే దిక్కు. ముసలితనంలో మళ్ళీ జబ్బు పడ్డాడు. ఉన్నదంతా దానం చేస్తున్నాడని మంత్రులు ఖజానా కట్టడి చేశారు. బంగారు పళ్ళెం పోయింది, వెండి పళ్ళెం పోయింది, మట్టిచిప్ప వచ్చింది. చివరికి చేతిలో సగం ఉసిరికాయ మిగిలింది. దాన్నే కుక్కుటారామ విహారానికి పంపాడు. భిక్షువులు దాన్ని నూరి పులుసులో కలిపి అందరూ పంచుకున్నారు. ఉసిరిక మన వైద్యంలో పెద్ద మందు, త్రిఫలాల్లో ఒకటి. సుమారు క్రీ.పూ. 232లో ఆయన పోయాడు.

తర్వాత లోకం ఆ లిపిని మరిచిపోయింది. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ మళ్ళీ చదివేదాకా ఆ రాళ్ళు మూగవే. చదివాక కూడా దేవానాంప్రియుడనే బిరుదు ఎవరిదో కొంతకాలం తేలలేదు. సింహళ గ్రంథాల సాయంతో అశోకుడని గుర్తుపట్టారు. 1915లో, మనకి పొరుగున వున్న రాయచూరు జిల్లా మస్కిలో, బంగారు గనుల కోసం తిరిగే ఇంజనీరు ఒకాయనకి అశోకుడనే పేరే వున్న శాసనం కనిపించింది. 1970ల చివర్లో బళ్ళారి జిల్లా నిట్టూరు, ఉడేగోళంలలో కూడా ఆ పేరు దొరికింది. పత్తికొండ దగ్గర రాజుల మందగిరిలో ఇంకో చిన్న శాసనం వుంది. ఆదోనిలో నిలబడి చూస్తే ఆయన మనకి చుట్టుపక్కల ఊళ్ళవాడే.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. మీలో కొందరి అన్నలో చెల్లెళ్ళో మెడికల్ కాలేజీలో చదువుతుంటారు. మొదటి సంవత్సరం వాళ్ళ ముందు బల్ల మీద పడుకునే శరీరం తరచుగా ఎవరూ వచ్చి అడగని మనిషిది. రైల్వేస్టేషన్లోనో, సత్రం అరుగు మీదో పోయినవాడిది. తానుగా రాసిచ్చినవాళ్ళూ ఇప్పుడు వున్నారు, వాళ్ళకి దండం. అడగనివాడి సంగతి వేరు. అతన్నెవరూ చంపలేదు నిజమే, కానీ అతని అనుమతి కూడా ఎవరూ తీసుకోలేదు. ఆ శరీరం మీద నేర్చిన చదువు ఎక్కడికి పోతుందన్నదే నా ప్రశ్న. డాక్టరు కానివాళ్ళూ తప్పించుకోలేరు. పశువైద్యం, మందుల షాపు, నర్సు పని, పంచాయతీ ఆఫీసు, బడి, అన్నీ ఆ రెండో శాసనం కిందికే వస్తాయి. చదువు పూర్తయ్యాక మీలో ఎవరైనా ఒకరు, ఏ జబ్బుకి ఏ ఆకు అని అడిగిన ఆ మేకల పెద్దాయన ఊరికి జవాబు తీసుకుని పోతే, ఆభీరుడి బాకీలో ఒక పైసా అయినా తీరుతుంది.